యోగిత మీద చార్జిషీటు

ఆ శనివారం చినబాబుకి రెస్టు. పొద్దున్నే చేపలు తేవాలి, భార్య సుధ చేత పులుసు పెట్టించుకోవాలి, తిన్నాక నాలుగింటి దాకా ఎవరు పిలిచినా లేవకూడదు. టాటానగర్ రైల్వే యార్డులో ఆరు రోజులు ఎండలో పట్టాలు మారుస్తూ తిరిగిన పాయింట్స్‌మన్‌కి ఇంతకంటే పెద్ద కోరికలుండవు. సంచీ పట్టుకుని గుమ్మం దాటబోతుంటే కూతురు యోగిత ఒక కాగితమూ పెన్నూ పట్టుకుని అడ్డం వచ్చింది.

"పాపా, యహాఁ సైన్ కర్ దో. బస్ ఆ జాయేగీ." ఇక్కడ సంతకం పెట్టు నాన్నా, బస్సొచ్చేస్తుంది అని.

యోగిత పదకొండో తరగతి. ఇంట్లో అందరూ తెలుగులో అడుగుతారు, ఆ పిల్ల హిందీలో జవాబు చెబుతుంది, దానివల్ల ఇప్పటిదాకా ఎవరికీ ఇబ్బంది రాలేదు. ఇబ్బంది ఈ కాగితంతో వచ్చింది. ఇంగ్లీషు చెప్పే రూత్ మేడమ్ ఇచ్చారట. విద్యార్థి బాధ్యతలంటూ పది అంశాలు వేశారు. క్లాసుకి వేళకి రావాలి, వ్యాసాలు సొంతంగా రాయాలి, ఇంకొకరిది చూసి కాపీ కొట్టకూడదు, ఫోను సంచీలోంచి బయటికి తీయకూడదు, అలా. అంతవరకూ చినబాబుకి నచ్చింది కూడా. అడుగున ఉన్న వాక్యం దగ్గరికి వచ్చేసరికి మాత్రం సంచీ కింద పెట్టేశాడు. 'పైవన్నీ చదివి అర్థం చేసుకున్నాము' అని రాసి, దాని కింద రెండు సంతకాలకి చోటు వదిలారు.

పదకొండేళ్ల కిందట చినబాబు ఇలాంటి వాక్యం కిందే, డ్యూటీ రూల్సు చదవకుండా చదివానని సంతకం పెట్టాడు. నెల తిరక్కుండా అందులోని ఏడో రూలు తప్పాడు. ఆ రూలు సంగతి నాకు తెలియదండీ అంటే, తెలుసని మీరే సంతకం పెట్టారు చూడండి అని చూపించారు. ప్రమోషన్ మూడేళ్లు వెనక్కి పోయింది. అప్పట్నుంచీ అతను మందుల చీటీ కూడా రెండుసార్లు చదువుతాడు.

"నీకెందుకిచ్చినారిది?" అన్నాడు.

"సబ్ కో దియా హై."

అందరికీ ఇచ్చారు అనే మాట తప్పు చేసినవాళ్లే ముందుగా అంటారని చినబాబు గట్టి నమ్మకం. తనూ ఆ రోజుల్లో అదే అన్నాడు మరి. వెంటనే కద్మాలో ఉండే స్నేహితుడు సూర్యప్రకాష్‌కి ఫోన్ చేశాడు. అతని కొడుకు హరికిరణ్‌ది కూడా ఇదే క్లాసు. "మావోడికి ఏ కాగితం ఇవ్వనేదే. ఏటైంది? యోగిత ఏటి సేసింది?" అన్నాడు సూర్యప్రకాష్ ఆరాటంగా. హరికిరణ్ తండ్రి సంతకం తనే పెట్టేసుకుని నిన్ననే ఆ కాగితం ఇచ్చేశాడని పాపం ఆయనకెలా తెలుస్తుంది?

యోగిత ఏడుపు మొహం పెట్టింది. సోమవారానికి కాగితం ఇవ్వకపోతే రాంచీలో జరిగే డిబేట్ పోటీ లిస్టులో పేరు ఉండదని వాళ్లమ్మతో చెప్పి బస్సెక్కింది. తొమ్మిదో తరగతి నుంచీ ఆ పోటీ కోసం చూస్తోంది. క్రితం ఏడు వేరే పిల్లలు మాట్లాడుతుంటే వెనక వరసలో కూర్చుని చప్పట్లు కొట్టి వచ్చింది. ఈసారి క్లాసు నుంచి రెండే పేర్లు, అందులో ఒకటి తనది. "పెట్టేయండి, ఆడపిల్ల ఆశపడతంది," అంది సుధ. ఆశపడే వాళ్ల చేతనే సంతకాలు పెట్టిస్తారని చినబాబు అన్నాడు. చేపల మాట మరిచిపోయి, కాగితం మడిచి జేబులో పెట్టుకుని, స్కూటర్ తీశాడు.

సీతారాండేరాలో నీలకంఠం గారుంటారు. రైల్వేలో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. ఎవరికైనా చార్జిషీటు వస్తే ఎంక్వైరీలో వాళ్ల పక్కన కూర్చుని వాదించే తోటి ఉద్యోగిని డిఫెన్స్ హెల్పర్ అంటారు. ముప్పై ఏళ్లు ఆయన ఆ పని చేశారు. రిటైరైన నాలుగేళ్లలో చార్జిషీటు పట్టుకుని ఒక్కరూ ఆయన గుమ్మం తొక్కలేదు. చినబాబు కాగితం చేతికివ్వగానే ఆయన కళ్లజోడు తుడుచుకున్న తీరు చూస్తే ఎవరికైనా జాలేస్తుంది.

"సంతకం పెట్టేవా?"

"నేదు బాబాయ్."

"బతికిపోయేవు. కాపీ కొట్టకూడదని రాసేరంటే, కొట్టిందని ఆళ్ల అనుమానం. లేకపోతే ఆ ఊసెందుకెత్తుతారు? పది అంశాలకీ పది జవాబులు ఇచ్చెయ్యాలి. ఒక్కటి ఒదిలేసినా ఒప్పుకున్నట్టే."

శని, ఆదివారాలు రెండూ దానికే సరిపోయాయి. మూడు పేజీల ఇంగ్లీషు జవాబు తయారైంది. మొదటి అంశంలో చెప్పినట్టు మా అమ్మాయి ఆలస్యంగా వస్తుందన్నది పూర్తిగా అబద్ధం. రెండో అంశాన్ని మేము అంగీకరించడం లేదు. ఇలా నడిచి మూడో అంశం దగ్గర, మా అమ్మాయి కాపీ కొట్టిందనడానికి ఏ సాక్ష్యమూ లేదు, దొరకదు కూడా, అని రాశారు. 'దొరకదు కూడా' అన్నది నీలకంఠం గారు ప్రత్యేకంగా కలిపిన మాట. చినబాబు సంతకం పెట్టి కవరు అంటించాడు. లోపల ఉన్నది తన ఫారమే అనుకుని యోగిత సోమవారం పొద్దున సంతోషంగా తీసుకెళ్లి ఇచ్చింది.

రూత్ మేడమ్ వాళ్లది కాకినాడ. ఆవిడ తండ్రి ఉద్యోగం కోసం ఈ ఊరు వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. ఆవిడకి నలభై రెండు ఫారాలు సంతకాలతో అందాయి. నలభై మూడో కవరులోంచి మూడు పేజీలు బయటపడ్డాయి. మొదటి పేజీకి నవ్వొచ్చింది. రెండో పేజీలో 'దొరకదు కూడా' దగ్గర నవ్వు ఆగిపోయింది. ఎవరూ మోపని నేరాన్ని ఇంత గట్టిగా కాదంటున్నారంటే ఏదో ఉండి తీరాలి. మంగళవారం యోగితని మొదటి బెంచీకి మార్చారు. నోటుబుక్కులన్నీ ఇంటికి తీసుకెళ్లి వెతికారు. ఒక్క తప్పూ దొరకలేదు. దాంతో అనుమానం ఇంకా పెరిగింది. రాంచీ లిస్టులో యోగిత పేరు పక్కన ప్రశ్నార్థకం పెట్టి, గురువారం ఒకసారి వచ్చి కలవమని తండ్రికి చీటీ పంపారు.

ఆ పూట యోగిత అన్నం తినలేదు. తను ఏ తప్పూ చేయకుండానే మేడమ్ తనని దొంగని చూసినట్టు చూస్తున్నారని అమ్మ ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చింది.  చినబాబు మాత్రం, చూశారా నేను ముందే చెప్పలేదూ అన్నట్టు నీలకంఠం గారికి ఫోన్ చేశాడు. "ఎంక్వైరీ అన్నమాట," అన్నారాయన హుషారుగా. "సాక్షి కావాలి. పిల్ల చదువుకునేటప్పుడు పక్కనుండేదెవరు?"

పక్కనుండేది చినబాబు తల్లి సూర్యకాంతమ్మ. గురువారం ఆవిడ పెట్టెలోంచి పట్టుచీర తీసి కట్టుకుంది. చినబాబు స్కూటర్ మీద, వెనకాల ఆటోలో ఫైలుతో నీలకంఠం గారు, ఆయన పక్కన సాక్షి. స్కూలు గేటు దగ్గర వాచ్‌మన్, ఎవరి పెళ్లికి వచ్చారో అనుకున్నాడు.

రూత్ మేడమ్ యోగితని కూడా పిలిపించి, గదిలో అందర్నీ కూర్చోబెట్టారు. నీలకంఠం గారు ఫైలు విప్పేలోపే ఆవిడ నలభై రెండు ఫారాల కట్ట చినబాబు ముందు పెట్టారు. "ఇది ప్రతి ఏడాదీ అందరికీ ఇచ్చే కాగితమండీ. మీ అమ్మాయి మీద ఎవరూ ఏమీ అనలేదు. మీ జవాబు చూశాకే నాకు అనుమానం వచ్చింది."

చినబాబు ఒక్కొక్కటీ తిరగేశాడు. హరికిరణ్ ఫారం మీద సూర్యప్రకాష్ సంతకం కనిపించింది. స్నేహితుడై ఉండి తనతో అబద్ధమాడాడని లోపల ఒక కొత్త అనుమానం మొదలైంది గానీ, కూతురి మీద ఏమీ లేదన్న ఆనందంలో దాన్ని అప్పటికి పక్కన పెట్టాడు. తప్పైపోయింది మేడమ్ అని దణ్ణం పెట్టాడు. ఫారం మీద అక్కడే సంతకం పెట్టేశాడు. ఆవిడ నవ్వి, లిస్టులో ప్రశ్నార్థకం కొట్టేశారు. యోగిత మొహం వెలిగిపోయింది. అక్కడితో లేచి వచ్చేస్తే కథ లేదు.

నాలుగేళ్ల తరవాత ఒక ఎంక్వైరీ దొరికితే, ఒక్క మాటైనా ఆడకుండానే అది ముగిసిపోవడం నీలకంఠం గారికి కొరుకుడు పడలేదు. "సాక్షిని తెచ్చేం మేడమ్. పెద్దావిడ. ఒక్క మాట ఇనండి, మళ్లీ ఎప్పుడూ ఎవరికీ అనుమానం రాకుండా ఉంటాది."

అరగంట నుంచి తన వంతు కోసం కాచుకున్న సూర్యకాంతమ్మ చీర సర్దుకుంది.

"మా పిల్ల కాపీ కొట్టడమేటమ్మా? నాను రోజూ సూత్తన్నాను కదా. సాయంత్రమైతే ఆరుగురు పిల్లలొచ్చి మా ముందుగదిలో కూకుంటారు. ఇదే ఆళ్ల బుక్కులన్నీ ముందరేసుకుని, ఒక్కోళ్లకి ఒక్కో రకంగా రాసిత్తాది. ఆ సూర్యప్రకాష్ కొడుకైతే జంతికలు తింటా కూకుంటాడు. దీన్ని సూసి ఆళ్లు కొట్టాల గానీ, ఇదెవుర్ని సూసి కొడతాది?"

 ఆ స్కూల్లో మొట్టమొదటిసారి యోగిత నోట తెలుగు వచ్చింది. "నాయనమ్మా, ఇంక సాలు."

నీలకంఠం గారు ఫైలు మెల్లగా మూసి, సాక్షిని ముందే ఒకసారి అడిగి చూడాల్సిందని చినబాబు చెవిలో అన్నారు. రూత్ మేడమ్ ఆ ఆరుగురి పేర్లూ యోగిత చేత చెప్పించి, బీరువాలోంచి వాళ్ల నోటుబుక్కులు తీసి బల్ల మీద పరిచారు. స్కూల్లో ఫోను ఉండాలా వద్దా అన్నది వ్యాసం. ఇద్దరు ఉండాలన్నారు, నలుగురు వద్దన్నారు. ఆరింటికీ ఆవిడ వెరీ గుడ్ పెట్టారు. హరికిరణ్‌ది బాగుందని క్లాసులో చదివి వినిపించారు కూడా.  రాసివ్వనంటే ఎవరూ తనతో కూర్చుని తినరని భయపడ్డానని యోగిత తలొంచుకుని చెప్పింది. రాంచీ పోయినట్టేనని ఆ పిల్లకి తెలిసిపోయింది. చినబాబుకీ తెలిసింది. తన జేబులో మడిచి పెట్టుకున్న అనుమానమే కూతురి కొంప ముంచిందని కూడా తెలిసింది.

"ఆ ఆరుగురూ రేపు నా ఎదురుగా కూర్చుని మళ్లీ రాస్తారు," అన్నారు రూత్ మేడమ్ చివరికి. "నువ్వు రాంచీ వెళ్తావు. రెండు వైపులా ఇంత నమ్మకంగా వాదించే పిల్ల నా దగ్గర ఇంకొకరు లేరు. కానీ ఊరికే పంపను."

శుక్రవారం సాయంత్రం యోగిత ఇంకో కాగితం తెచ్చింది. ఇది నలభై మూడు మందికి ఇచ్చింది కాదు. పైన ఒక్క యోగిత పేరే ఉంది, కింద చేసిన తప్పు ఉంది, ఇంకోసారి చేస్తే ఏమవుతుందో కూడా ఉంది. అడుగున అదే వాక్యం, 'పైవన్నీ చదివి అర్థం చేసుకున్నాము'. సుధ వంటింటి గుమ్మంలో నిలబడి మొగుడి వంకే చూసింది. చినబాబు జేబులోంచి పెన్ను తీసి, "ఎక్కడెట్టాల?" అని మాత్రం అడిగి, కూతురు వేలు చూపించిన చోట సంతకం పెట్టేశాడు.

చదవలేదు గానీ, అర్థం చేసుకున్నాడు.