పైకి పోయే ప్లాను

ఆగండాగండి, పేజీ తిప్పకండి! ముందు ఇది వినండి. లిఫ్టు మెకానిక్ ఒకాయన పైకి పోదామని ప్లాను వేసిన సంగతి.

ఆయన రోజంతా పైకీ కిందకీ తిరిగేవాడే కానీ, సొంత కాళ్ళతో ఒక్క అంతస్తు ఎక్కిన పాపాన పోలేదు. అందుకే కొండలంటే పిచ్చి. ఊరికే నడిచే కొండలు కాదు, చేతులూ కాళ్ళూ రెండూ వాడి, బండల్ని వాటేసుకుని పాకాల్సిన శిఖరాలు! చుట్టూ ఊరు లేదు, మనిషి లేడు. సగం దారిలో ఒక్క రాతిగుడిసె, దానికో కాపలాదారు, అంతే. వచ్చేవారం మంచు పడితే దారి మూసుకుపోతుంది, మళ్ళీ ఏడాది దాకా తెరుచుకోదు. సూపర్‌వైజరేమో సెలవడిగినప్పుడల్లా, "నువ్వు లేకపోతే జనం మధ్యలో వేలాడతారయ్యా" అని వెనక్కి పంపేస్తాడు. భార్యకి చెబితే అసలుకే మోసం.

ఆ ఉదయం లేచేసరికి ఆయన నుదుటి మీద ఇంత బొప్పి. మంచం కోడు తగిలిందేమో అనుకుని, బాల్కనీలోకి వెళ్ళి పక్కవీధిలో ఉండే బావమరిదికి ఫోన్ చేశాడు.

"ఒరేయ్, తాడు తెచ్చేశా. ఇన్సూరెన్స్ కట్టేశా. గురువారం మనిద్దరం పైకి పోతున్నాం. మీ అక్కకి మాత్రం చెప్పకు."

"మరి అమ్మకో బావా?"

"చెబితే పోనిస్తుందా? పోయాక ఎలాగూ తెలుస్తుంది."

కూతురికి సాయం వచ్చి, బట్టలు ఆరేద్దామని తలుపు వెనకదాకా వచ్చిన అత్తగారి చేతిలోంచి తడి దుప్పటి జారిపోయింది. పైకి పోవడమంటే ఆవిడకి తెలిసిన అర్థం ఒక్కటే.

"నీ మొగుడు పోతాడటే!" అని వంటింట్లో కూతురి చెవిలో ఏడ్చింది. "ఆయన సంగతి సరే, మధ్యలో నా కొడుకేం చేశాడే? అక్కడిక్కూడా తోడు కావాలా?"

భార్య ఉన్నపళాన సూపర్‌వైజరుకి ఫోన్ చేసింది. మెకానిక్ పనిలోకి వెళ్ళేసరికే సూపర్‌వైజరు కళ్ళు తడిగా ఉన్నాయి.

"సెలవు తీసుకో నాయనా. ఎన్నాళ్ళు కావాలంటే అన్నాళ్ళు."

"అన్నాళ్ళెందుకు సార్? గురువారం పోతే శనివారానికి వచ్చేస్తాగా!"

"వచ్చే...స్తావా?" సూపర్‌వైజరు కుర్చీతో సహా గోడదాకా జరిగాడు.

అక్కణ్ణించి ఏదో తేడా కొట్టింది. ఆయన కనబడితే చాలు, మాటలు ఆగిపోతున్నాయి. లిఫ్టు ఎక్కితే లోపలున్నవాళ్ళంతా తలలు దించుకుని దిగిపోయారు. తలుపులు మూసుకున్నాయి. ఆయన ఏ మీటా నొక్కలేదు, అయినా లిఫ్టు పైకి పోయింది. చిట్టచివరి అంతస్తులో తలుపు తెరుచుకుంటే అక్కడ నరమానవుడు లేడు, ఎముకలు కొరికే గాలి తప్ప. లిఫ్టు అద్దంలో తన మొహం ఉందో లేదో ఒకసారి చూసుకున్నాడు. ఉంది, బొప్పితో సహా.

ఇంటికొస్తే ఎదురింటావిడ గుమ్మంలో ఎవరితోనో ఫోన్లో అంటోంది, "ఎంత మంచాయనో ఉండేవాడు పాపం." కొని తెచ్చిన తాడు ఇంట్లో లేదు. బట్టలారేసే తాడూ లేదు. గదిలోంచి బావమరిది తలుపు బాదుతున్నాడు. "బావా, అమ్మ నన్ను ఇక్కడికి రప్పించి, లోపలేసి గడియ పెట్టింది!"

"ఎందుకండీ పోవడం? నేనేం తక్కువ చేశాను?" భార్య భోరుమంది.

"వద్దంటావనే చెప్పలేదు."

"వద్దనక పోయిరమ్మంటానా?"

"రెండు రోజుల్లో వచ్చేస్తానే!"

"పోయినవాళ్ళు రావడమేంటి అల్లుడుగారూ!" అత్తగారు జడుసుకుంది.

ఆయన గబగబా కొండ ఫోటోలు చూపించాడు. తల్లీకూతుళ్ళిద్దరూ ఫోటోల మీదికి వంగారు. తర్వాత భార్య నవ్వింది, అత్తగారు ముక్కు చీదుకుంటూ నవ్వింది. బావమరిదికి గడియ తీశారు. "అంతేనా? ఏడవలేక చచ్చాను. పోయి రండి!" అంది భార్య. ఆయనకి గాల్లో తేలినట్టుంది. అంతలో ఫోన్ మోగింది. అందరూ వినాలని స్పీకర్ పెట్టాడు.

"గుడిసె కాపలాదారునండీ. బుకింగుకి ఈ నంబరే ఇచ్చారు. నిన్న సాయంత్రం మీ వాళ్ళిద్దరొచ్చారు. ఒక పొడుగాయన, ఆయన బావమరిది. పొద్దున పైకి పోయారు. చీకటి పడుతోంది, ఇంకా దిగలేదు."

"పొడుగాయనంటే నేనేనండీ. ఇక్కడే ఉన్నా!"

అవతల గాలి హోరులోంచే జవాబొచ్చింది.

"వేళాకోళం వద్దు సార్. రాత్రి మా గుమ్మం తగిలి ఆయన నుదురు బొప్పి కడితే, గుడ్డ తడిపి అద్దింది నేనే."

ఆయన నుదురు తడుముకున్నాడు. తడిగా, మంచులా తగిలింది. అత్తగారు అల్లుణ్ణీ కొడుకునీ మార్చి మార్చి చూసి, కూతురి చెయ్యి పట్టుకుని నాలుగడుగులు వెనక్కి వేసింది.

"మరి మీరిద్దరూ ఎవర్రా?"

సెలవు దొరికింది, మంచు వచ్చేవారం పడుతుంది, పైన ఇద్దరు ఇంకా దిగలేదు. మీరే చెప్పండి, మీరైతే గురువారం బయల్దేరతారా, ముందు వాళ్ళని దిగనిస్తారా?