సూక్ష్మదర్శినికి పెట్టిన బొట్టు

మా ఆయన పోయాక, పెద్దవయసులో అక్షరాలు నేర్చుకున్నదాన్ని. ఒత్తులు తప్పితే మన్నించండి. బెంగళూరులో కూర్చుని రాస్తున్నందువల్ల కొన్ని తలకట్లు కన్నడంవైపు ఒరుగుతాయి. ఒక్కో వాక్యానికి చాలాసేపు పడుతుంది. అయినా రాయక తప్పదు, విషయం పెద్దది. మా కాడుగోడి సందులో విజ్ఞానశాస్త్రం ప్రారంభమైంది.

ఒక కంపెనీవారు మా బడికి ప్రయోగశాలను వేసవిలోనే దానం చేశారు. ముహూర్తం కుదరక దానికి తాళం వేసి ఉంచారు. ముహూర్తం లేకుండా తెరిస్తే గాజు సామాను పగులుతుందని సైన్సు మాస్టరు దర్శన్ గారు బడి కమిటీకి వివరించారు. ఆయన ఎం.ఎస్సీ. చదివినవారు కాబట్టి ఎవరూ ఎదురు చెప్పలేదు.

ఈలోగా మా సందులో పిల్లలకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. నా చిన్న మనవరాలు సుమ ఆసుపత్రిలో సెలైను ఎక్కించుకుంటూ పడుకుంది. దాని అక్క అంబిక తొమ్మిదో తరగతి. మురుగుకాలువ పక్కనున్న బోరు నీళ్ళమీద దానికి అనుమానం. ఆ నీళ్ళను సూక్ష్మదర్శినిలో చూద్దాం సార్ అని రోజూ అడిగేది. ముహూర్తం రానీ అని దర్శన్ గారు రోజూ చెప్పేవారు. ఆ బోరు వేయించినది మా వార్డు పెద్ద వెంకటగిరియప్ప గారు. ప్రయోగశాలకు ముఖ్య అతిథి కూడా ఆయనే. ఇందులో వింతేమీ లేదు. మా వార్డులో పెళ్ళికైనా, పాత్రల దుకాణం ప్రారంభానికైనా ఆయనే.

ఆయుధపూజ నాడు ముహూర్తం కుదిరింది. గుమ్మానికి అరటిపిలకలు కట్టారు. బూడిదగుమ్మడికాయ పగలగొట్టారు. అస్థిపంజరం బొమ్మకు పంచె కట్టారు, ముఖ్య అతిథిగారి శ్రీమతి సిగ్గుపడతారని. బండ్లకైతే చక్రాల కింద నిమ్మకాయలు పెడతాం. సూక్ష్మదర్శినికి చక్రాలు లేవు కాబట్టి కాళ్ళ కింద పెట్టారు. దర్శన్ గారు స్నానం చేసి వచ్చి, తడి కుంకుమతో దానికి స్వయంగా బొట్లు పెట్టారు. కన్ను ఆనించి చూసే అద్దంమీద ఒకటి, కింద వెలిగే దీపం అద్దంమీద ఒకటి. కళ్ళకు బొట్టు పెట్టకపోతే దిష్టి తగులుతుందట.

తరువాత ఫోటో కోసం ఒక ప్రయోగం కావలసి వచ్చింది. అంబిక సీసాలో పట్టి తెచ్చిన బోరు నీళ్ళు సిద్ధంగా ఉన్నాయి. ఒక చుక్క వేశారు. వెంకటగిరియప్ప గారు ఒక కన్ను మూసి, రెండో కన్నుతో చాలాసేపు చూశారు.

"ఎర్రగా ఉండాది" అన్నారు.

కమిటీవారు ఒకరి తరువాత ఒకరు చూశారు. ఎరుపే. బొట్టు పెట్టిన దర్శన్ గారు కూడా చూసి, ఎరుపేనని ధ్రువీకరించారు. ఆ విధంగా ఫలితం పలువురి పరిశీలనలో నిలబడింది.

"నా బోరులో అమ్మవారు ఉండాదప్పా" అని వెంకటగిరియప్ప గారు మైకు అందుకున్నారు. "ఇది నేను చెప్పే మాట కాదు. సైన్సు చెప్తా ఉండాది. మనిషి అబద్ధం చెప్తాడు గానీ, మిషను చెప్తాదా?"

చప్పట్లు మోగాయి. ప్రసంగంతో గొంతు ఎండిందేమో, ఆయన సీలు ఉన్న నీళ్ళ సీసా తెప్పించుకుని తాగారు. అమ్మవారిని ఎంగిలి చేయకూడదు కదా.

అందరూ పులిహోర దగ్గరికి వెళ్ళాక అంబిక ఓణీకొసతో ఆ రెండు అద్దాలు తుడిచింది. "అవ్వా, ఇట్లా రా. నువ్వూ చూడు" అని నన్ను పిలిచింది. చూశాను. మా సుమ తాగిన నీళ్ళలో సన్నగా, తెల్లగా ఏవో మెలికలు తిరుగుతున్నాయి.

అంబిక పరుగెత్తి దర్శన్ గారిని పిలుచుకొచ్చింది. ఆయన చూశారు. కన్ను తీసి, మళ్ళీ చూశారు. ముఖం పాలిపోయింది. చదువు వృథా పోలేదని నాకు సంతోషం కలిగింది.

"అంబికా, బొట్టు తుడిచింది నువ్వేనా?" అన్నారు.

"అవును సార్. పురుగులు చూసినారు కదా సార్?"

"పూజ చేసిన మిషను అది. ఎవరిని అడిగి తుడిచినావు?"

విచారణ జరిగింది. కమిటీవారు తుడుపును గురించి కూలంకషంగా చర్చించారు. పురుగులు ఎజెండాలో లేవు. అంబిక గుడికి వెళ్ళి తప్పు ఒప్పుకుని, అద్దాలకు తన చేత్తోనే తిరిగి బొట్టు పెట్టాలని తీర్మానం. లేకపోతే బడి నుంచి పేరు తీసేస్తారు. దానికి చదువు కావాలి. వెళ్ళి పెట్టింది. పెడుతుంటే దాని కళ్ళు ఎర్రబడ్డాయి. ఆ ఎరుపును ఎవరూ ధ్రువీకరించలేదు.

ఇప్పుడు ప్రయోగశాలకు మళ్ళీ తాళం. ఒక్క సీసా కూడా పగలనందుకు ఉత్తమ ప్రయోగశాలగా ప్రశంసాపత్రం వచ్చింది. బోరు దగ్గర చెంబులతో వరుస పెరిగింది. జబ్బు పడినవారికి భక్తి చాలలేదని తేలింది. సుమ కోలుకుని ఇంటికొచ్చింది. మేము నీళ్ళు కాచి తాగుతున్నాం. అమ్మవారిని కాచే ఇల్లని ఇరుగుపొరుగు మా గడప తొక్కడం మానేశారు. దర్శన్ గారు మాత్రం క్యాను నీళ్ళు కొనుక్కుంటున్నారు. బండి వెనక పెట్టి, పైన తువ్వాలు కప్పి తెచ్చుకుంటారు.

వైట్‌ఫీల్డ్ ఆఫీసులలో పనిచేసే మీరు ఇది చదివి నవ్వుకుంటారు. మీరు కంప్యూటరుకు బొట్టు తెరమీద పెట్టరు, పక్కన పెడతారు. తెలివైనవారు. మా సందులోకి వచ్చే మురుగుకాలువ మీ అపార్టుమెంట్ల వెనకనుంచే బయలుదేరుతుంది, మీ బాల్కనీలోంచి చూస్తే కనబడుతుంది. మాకు బొట్టు అడ్డమొచ్చి కనబడలేదు. మీకు ఏమి అడ్డమొచ్చిందో ఒక ముక్క రాయండి. నిదానంగానైనా చదువుకుంటాను.

అక్కయమ్మ, అరవై ఆరేళ్ళు,
మురుగుకాలువ సందు, కాడుగోడి, బెంగళూరు.