కోడి దగ్గుకు వంశవృక్షం

మీ ఊళ్ళో కోళ్ళు దగ్గుతున్నాయా? అయితే మీ ఊరికి మంచిరోజులు వచ్చినట్టే. నవ్వకండి, నేను హాస్యమాడటం లేదు.

మీరే ఆలోచించండి. రోడ్డు వేయమని అడిగితే ఎవరైనా వచ్చారా? బస్సు కావాలంటే వచ్చారా? సాగర్ నీళ్ళు చివరి మడి దాకా అందడం లేదని మొత్తుకుంటే ఒక్క జీపైనా ఆగిందా? అదే కోళ్ళు నాలుగు రోజులు దగ్గేసరికి పట్నం నుంచి జీపు వచ్చింది! దాంట్లో ఐసు పెట్టె వచ్చింది, దూది పుల్లలు వచ్చాయి, తెల్లకోటు వేసుకున్న సారు వచ్చాడు. మనుషుల వల్ల కాని పని చేసి పెట్టిన ఆ వైరస్‌ను పట్టుకుని రోగమని తిట్టడం కృతఘ్నత కాదా?

ఇంకో మాట. మీ తాతకు తాత ఎవరో మీకు తెలుసా? నాకు తెలియదు. కానీ కోడి గొంతులో కాపురముండే, కంటికి కనిపించని ఆ వైరస్ ఎవరి బిడ్డ, ఎవరికి మనవడు, దాయాదులు ఏ దేశంలో ఉన్నారు అన్నది జన్యువులు చదివి చెప్పే సార్లు ఇప్పుడు మనకు ఉన్నారు. ఇలాంటి గౌరవం మన వంశాల్లో ఎవరికి దక్కింది?

నమ్మని వాళ్ళ కోసం ఆండాలు సంగతి చెబుతాను.

సూర్యాపేట నుంచి కోదాడ పోయే రోడ్డు దిగి కాస్త లోపలికి నడిస్తే ఆండాలు వాళ్ళ కోళ్ళ ఫారం. భర్త లారీ మీద మేళ్లచెరువు వైపే ఎక్కువ ఉంటాడు. ఇంటి దగ్గర ఆండాలు, అత్త అంజమ్మ, రెండు రేకుల షెడ్లు. పాత షెడ్డులో గుడ్లు పెట్టే కోళ్ళు. కొత్త షెడ్డులో ఇంకా గుడ్డుకు రాని పడుచు పెట్టలు. ఆ ఇంటి ఆశంతా కొత్త షెడ్డు మీదే.

తొంభై ఏడు చలికాలంలో పాత షెడ్డు గురక పెట్టడం మొదలుపెట్టింది. కోళ్ళ ముక్కులు కారాయి. గుడ్లు తగ్గాయి. పెట్టిన గుడ్ల మీద ముడతలు వచ్చాయి. గుడ్లు కొనే ఐలన్న ఒకదాన్ని ఎండకు పట్టి, తిప్పి తిప్పి చూశాడు.

"ఏంది చెల్లె, మీ కోళ్ళు ముసలి గుడ్లు పెడ్తున్నయా? గీ ముడతలేంది? గివి తీస్కపోతే నన్ను బజార్ల కొడ్తరు."

ఆండాలుకు నవ్వు రాలేదు. ఆ కోళ్ళకు పిల్లలప్పుడే కోదాడ దుకాణంలో కొన్న, దగ్గు రాకుండా వేసే టీకా చుక్కలు కంట్లో వేసింది. అయినా దగ్గు వచ్చింది. అంటే ఇది ఆ చుక్కలకు లొంగని కొత్త రోగమా? కొత్తదైతే కొత్త షెడ్డుకు అంటకముందే వేరే మందు వేయాలి. అక్కడి పడుచు పెట్టలకు కూడా మొన్ననే అవే చుక్కలు వేసి ఉంది. ఆమెకు తెలియాల్సింది ఆ ఒక్క ముక్కే.

అప్పుడే జీపు వచ్చింది.

ఇగ చూడండి సంబరం! ఈ చుట్టుపక్కల ఊళ్ళలోని దగ్గు వైరస్ ఏ వంశానిదో తేల్చడానికి పట్నం నుంచి కృష్ణమూర్తి సారు బయలుదేరాడని తెలిసి మూడు ఊళ్ళలో పౌరుషం పొడుచుకొచ్చింది. వైరస్ కొత్తదని తేలితే దానికి దొరికిన చోటు పేరు పెడతారట. కోడిపిల్లలు మా దగ్గర కొన్నవి కాబట్టి మా పేరే పెట్టాలని సూర్యాపేట వాళ్ళన్నారు. చుక్కల మందు మాది, అది ఓడింది కాబట్టే కదా సారు వచ్చిందని కోదాడ వాళ్ళన్నారు. షెడ్డులో పరిచిన ఊక మా మిల్లుది, వైరస్ పడుకున్నది మా ఊక మీద అని మిర్యాలగూడ వాళ్ళన్నారు. ఏ ఊరి వాళ్ళూ ఆండాలును అడగలేదు. ఆమెకైతే పేరు పట్టింపు లేదు, మందు పేరు తెలిస్తే చాలు.

సారు వాకిట్లో మంచం మీద కూర్చున్నాడు. లోపల్నుంచి గొంతు చీలిపోయేటట్టు దగ్గు వినిపించింది. ఆయన ముఖం వెలిగిపోయింది. పెన్ను తీశాడు.

"ఆ శబ్దమేనామ్మా?"

"అది మా అత్త సార్."

సారు పెన్ను జేబులో పెట్టుకున్నాడు. అంజమ్మ మిర్యాలగూడ మిల్లులో తవుడు జల్లెడ పట్టిన కాలం నుంచి దగ్గుతూనే ఉంది. అయితే ఆమె దగ్గు ఆయన శాఖలోకి రాదు. ఎవరి శాఖలోకి వస్తుందో ఇంతవరకు ఎవరూ తేల్చలేదు.

"షెడ్డుల సూద్దురు రాండ్రి సార్" అంది ఆండాలు.

"వద్దమ్మా. బూట్లకు అంటుకుని ఇంకో ఫారానికి పోతుంది. రెండు కోళ్ళు ఇక్కడికే తెండి, చాలు."

ఎంత ముందుచూపు! ఆండాలు పాత షెడ్డులోకి పోయి ఒక కోడిని పట్టుకుంది. దాని ముక్కు కారుతోంది. కన్ను వాచింది. ఈకలు రేగి గడ్డివాములో దొర్లి వచ్చినట్టు ఉంది. దాన్ని చంకన పెట్టుకుని తలుపు దాకా వచ్చి ఆగింది. వాకిట్లో తెల్లకోటు తళతళలాడుతోంది. అంత దూరం నుంచి వచ్చిన మనిషి చేతిలో ఈ చీమిడి కోడినా పెట్టేది? రేపు పట్నం పోయి ఏమనుకుంటాడు? వాళ్ళ ఇంటికి ఎవరొచ్చినా మంచి కోడిని ఏరి కోస్తారు గానీ, ఇలాంటిది ఎన్నడూ చూపించి ఎరుగరు. ఆ కోడిని అక్కడే దించింది. కొంగుతో చేతులు తుడుచుకుని కొత్త షెడ్డులోకి పోయింది. నిగనిగలాడే పెట్టల్ని రెండింటిని ఏరి తెచ్చింది.

సారు వాటిని చూసి మెచ్చుకున్నాడు. "కోళ్ళు చాలా బాగున్నాయమ్మా."

ఆండాలు సంతోషపడింది. పరువు నిలబడింది. సారుకు మాత్రం అనుమానం రాకుండా ఉంటుందా? వచ్చింది. "రోగం ఇంకా తొలిదశలో ఉంది" అని డ్రైవరుకు చెప్పాడు.

గొంతుల్లో దూది పుల్ల తిప్పి ఐసు పెట్టెలో పెట్టారు. కోళ్ళు కూడా జీపెక్కాయి. దూది పుల్లలు పట్నం పోయి ఏమయ్యాయో పరిశోధనలో వివరంగా ఉంది. జీపెక్కిన ఆ రెండు కోళ్ళు ఏ కూరలో తేలాయో మాత్రం ఎక్కడా రాలేదు.

కొన్ని నెలలకు కోదాడలో రైతుల సభ పెట్టి ఫలితం ప్రకటించారు. గోడ మీద వైరస్ వంశవృక్షం బొమ్మ పడింది. కొమ్మలు, రెమ్మలు, వాటి చివర్ల అంకెలు. అంత అందమైన చెట్టును ఆండాలు ఎక్కడా చూడలేదు. సారు కర్రతో ఒక రెమ్మను చూపించాడు.

"ఇది ఈ ఫారంలో దొరికిన వైరస్. చుక్కల మందులో వాడే విదేశీ వైరస్‌కు, దీనికి ఒక్క అక్షరం కూడా తేడా లేదు. కాబట్టి ఈ ప్రాంతంలో కొత్త వైరస్ లేదు!"

చప్పట్లు మోగాయి. మూడు ఊళ్ళ పౌరుషం కాస్త చల్లబడింది గానీ, మన షెడ్డులో విదేశీయుడు ఉన్నాడన్న గర్వం మిగిలింది. వేసిన చుక్కే గొంతులో దొరకడం ఎంత గొప్ప విషయం! పోస్టు డబ్బాలో మనం వేసిన ఉత్తరాన్ని మనమే తీసి చదువుకుని, ఊరి క్షేమం తెలిసిందని మురిసిపోయినంత గొప్ప విషయం.

ఆండాలు లేచి నిలబడింది. "అయితే సార్, కొత్త షెడ్డుకు గవే సుక్కలు సాలునా?"

"నిశ్చింతగా అవే వేసుకోమ్మా."

నిశ్చింతగా అవే వేసింది. గుడ్డు పట్టిన మొదటి నెలలోనే కొత్త షెడ్డు గురక పెట్టింది. ఐలన్న ముడతల గుడ్డు చేతిలో పట్టుకుని ఈసారి జోకు వేయలేదు. గుడ్లు పెట్టుకునే అట్టలు ఖాళీగానే టీవీఎస్ మీద కట్టుకుని పోయాడు. ఆండాలు ఆ ఖాళీ అట్టల వెనకే రోడ్డు దాకా నడిచి, బస్సెక్కి, కోదాడలో ఎస్‌టీడీ బూతు నుంచి సారుకు ఫోను చేసింది.

"కొత్త రోగం లేదంటిరి సార్. కొత్త షెడ్డు గూడ పాతదాని లెక్కనే అయింది."

"అదెలా? నువ్విచ్చిన కోళ్ళనే కదా చూశాం. అవి దగ్గుతున్నవే కదా?"

"దగ్గే కోడిని ఇంటికొచ్చినోళ్ల చేతుల పెడ్తరా సార్? మంచియి ఏరి ఇచ్చిన."

అవతల కాగితాలు తిరగేస్తున్న చప్పుడు. ఇవతల బూతులో మీటరు తిరుగుతోంది.

"ఆ పరిశోధన అచ్చయిపోయిందమ్మా" అన్నాడు సారు చివరికి. "ఇంకో ప్రాజెక్టు వస్తే వస్తాం. ఈసారి మాత్రం జబ్బు కోడిని ఉంచండి."

పరిశోధన తప్పని నేను అనను. చెట్టులో ఒక్క అక్షరం తప్పు లేదు. తప్పంతా కోళ్ళది. ఒక షెడ్డులో దగ్గి, ఇంకో షెడ్డు నుంచి జీపెక్కాయి. షెడ్డు తలుపు దాకా నాలుగడుగులు వేసి ఉంటే బూట్లకు రోగం అంటుకునేది. అంటనివ్వలేదు కాబట్టి బూట్లు బాగున్నాయి. దేశానికి ముఖ్యమైనవి అవే కదా!

ఆండాలు సారు చెప్పినట్టే చేసింది. అన్నిటికంటే ఎక్కువ దగ్గే కోడిని ఏరి వాకిట్లో గంప కింద పెట్టింది. దానికి వేరే దాణా, వేరే నీళ్ళు. "అది సారు కోడి, ఎవ్వలు ముట్టొద్దు" అని అందరికీ చెప్పింది. రోడ్డు మీద జీపు చప్పుడైతే చాలు, గంప ఎత్తి కోడిని చంకన పెట్టుకుని నిలబడేది. ఒకసారి వచ్చింది సినిమా ప్రచారం జీపు. ఇంకోసారి ఓట్ల జీపు. వాళ్ళు కోడిని చూసి దండం పెట్టి పోయారు.

మంచి తిండి పడేసరికి ఆ కోడికి మెల్లమెల్లగా దగ్గు తగ్గింది. ముక్కు ఆరింది. ఈకలు నిగనిగలాడాయి. ఒకనాడు పొద్దున గంప ఎత్తి చూస్తే కింద, ముడతలదే అయినా, గుడ్డు ఒకటి ఉంది. ఆండాలు నెత్తి పట్టుకుని అరుగు మీద కూలబడింది.

"గిది గూడ మంచిగయిపాయె అత్తా. ఇప్పుడు సారొస్తే ఏం సూపాలె?"

లోపల అంజమ్మ దగ్గు తెర ఆగేదాకా ఆగి, గుమ్మంలోకి వచ్చింది.

"నన్ను సూపియ్యే పిల్లా" అంది. "నాది ఇంక తగ్గలే."