లిఫ్టు వారసుడూ మోకాలి బెల్టూ

కొరియావాళ్ళ ప్రేమ సీరియల్ పెళ్ళయిన మగవాడి పాలిట వరం! తిట్టాలనుకుంటే తర్వాత తిట్టండి, ముందు వినండి.

పెళ్ళానికి గొడుగు పట్టడం, బూటు లేసు కట్టడం, చలేస్తే కోటు విప్పి కప్పడం, కళ్ళలోకి చూస్తూ నిమిషన్నర సేపు నిలబడడం. ఇవన్నీ ఒకప్పుడు మొగుడి నెత్తిన ఉండేవట. ఉండేవని విన్నాను, నేనెప్పుడూ చెయ్యలేదు. ఇప్పుడా చాకిరీ అంతా ఆరడుగుల కుర్రాడొకడు టీవీలో చేసిపెడుతున్నాడు. మనం సోఫాలో కాళ్ళు చాపుకుని పేపరు చదువుకోవచ్చు. అంతకన్నా ఏం కావాలండీ మనకి?

ఇవి గాలి కబుర్లు కావు. పదకొండేళ్ళుగా కొరియా సీరియళ్ళకి తెలుగు మాటలు రాసి బతుకుతున్న డబ్బింగ్ రైటర్ని. వాళ్ళ పెదాలు మూసుకున్న చోటల్లా మన మాటలో 'ప'యో 'మ'యో పడేలా చూసుకుంటూ, వాళ్ళ నోట్లో మన తెలుగు కుక్కడం నా వృత్తి. ఆ హీరోల పళ్ళు నాకు తెలిసినంతగా వాళ్ళ పళ్ళ డాక్టరుకి కూడా తెలియవు. అందుకే ఈ పత్రిక ఎడిటరుగారు ఫోన్ చేసి, "మీరు రాసిన లిఫ్టు సీరియల్ ఊపేస్తోందట కదా, దాని మంచిచెడ్డలేవో మీరే రాసెయ్యండి" అన్నారు. తన వంటకి తనే మార్కులు వేసుకునే యోగం ఎంతమందికి పడుతుంది చెప్పండి!

కథ చెబుతాను. ఒక పెద్ద లిఫ్టుల కంపెనీ. దాని వారసుడికి లిఫ్టంటే భయం, చిన్నప్పుడు ఒకదాంట్లో ఇరుక్కుపోయాడు. అందుకని రోజూ ముప్ఫైరెండు అంతస్తులు మెట్లెక్కి ఆఫీసుకి వెళతాడు. చెమట పట్టదు, జుట్టు చెదరదు. అదే కంపెనీలో లిఫ్టులు రిపేరు చేసే అమ్మాయి మన హీరోయిన్. ఆనాడు లిఫ్టు తలుపు బయట నిలబడి పాట పాడి తనకి ధైర్యం చెప్పిన పాప ఈమేనని కనిపెట్టడానికి ఆ మహానుభావుడికి తొమ్మిది ఎపిసోడ్లు పట్టింది. మా అత్తగారికి తొమ్మిది నిమిషాలు పట్టింది.

ఇది లోపమంటారా? నన్నడిగితే ఇంతకు మించిన బలం లేదు! రోజంతా ఆఫీసులో చీవాట్లు తిని ఇంటికొచ్చినవాడికి, తనకన్నా బుర్ర తక్కువ కోటీశ్వరుణ్ణి చూస్తే ప్రాణం ఎంత హాయిగా ఉంటుంది!

హీరోయిన్ నిరుపేద. ఎంత పేదంటే, ఎవరిదో మేడ మీద రేకుల గదిలో ఉంటుంది పాపం. ఆ గదిలోంచి పదహారు ఎపిసోడ్లలో ముప్ఫై ఎనిమిది రకాల చలికోట్లు తొడుక్కుని బయటికొచ్చింది. బీరువా ఎక్కడ పెట్టారో నాకిప్పటికీ అంతుచిక్కలేదు. పొద్దస్తమానం గ్రీజులో చేతులు పెట్టే పిల్ల గోళ్ళు మాత్రం పెళ్ళికూతురి గోళ్ళలా మెరుస్తుంటాయి.

హీరో ఆ కంపెనీకి డైరెక్టరు. ఒక్క కాగితం మీద సంతకం పెట్టిన పాపాన పోలేదు. మీటింగు మొదలవగానే కిటికీలోంచి ఆ పిల్ల కనబడుతుంది, లేచి పరుగెత్తుతాడు. అంతమంది పెద్ద ఉద్యోగులు నోళ్ళు తెరుచుకుని ఖాళీ కుర్చీకేసి చూస్తూ కూర్చుంటారు. నేను పదకొండేళ్ళలో ఒక్కసారి, పన్ను నొప్పికి, గంట ముందు ఇంటికెళతానంటే మా ఆఫీసువాళ్ళు డాక్టరు చీటీ అడిగారు.

ఇక హీరో తల్లి. ఆవిడకి వేరే పని లేదు. హీరోయిన్ని హోటలుకి పిలుస్తుంది, గ్లాసుడు నీళ్ళు మొహాన కొడుతుంది, వెళ్ళిపోతుంది. మొత్తం మీద నాలుగు గ్లాసులు కొట్టింది. మూడోసారి పిలిచినప్పుడైనా ఆ పిల్ల ఒక తువ్వాలు తెచ్చుకోవద్దూ?

పదకొండో ఎపిసోడులో లారీ వచ్చింది. రాకుండా ఉంటుందా! అప్పటిదాకా పిల్లి కూడా తిరగని రోడ్డు మీద, హీరో అడుగు పెట్టగానే ఎక్కడినుంచో ఊడిపడింది. గుద్దింది. జ్ఞాపకం పోయింది. ఫోను పాస్‌వర్డు గుర్తుంది, అమ్మ గుర్తుంది, ముప్ఫైరెండు అంతస్తుల మెట్లూ గుర్తున్నాయి. ఆ పిల్ల ఒక్కతే గుర్తులేదు. వైద్యశాస్త్రానికి అందని ఈ జబ్బుకి మందు కూడా వాళ్ళే కనిపెట్టారు: వాన. ఒక్క వానలో తడిపితే చాలు, అన్నీ గుర్తొస్తాయి.

పోనీ మెచ్చుకోదగ్గది ఒక్కటీ లేదా అంటే, ఉంది. వాళ్ళు మాట్లాడకుండా ఉండగలరు. గుండె నిండినప్పుడు వాళ్ళ హీరో వెనక్కి తిరిగి, కెమెరాకి వీపు పెట్టి ఊరుకుంటాడు. ఇది మాత్రం గొప్ప సంగతి, నా నోటితో ఒప్పుకుంటున్నాను.

కానీ మా డబ్బింగ్ ఇన్‌ఛార్జి ఉన్నారే, ఆయనకి మౌనం పడదు. "మనవాళ్ళకి ఖాళీ ఉంటే సౌండు పోయిందనుకుంటారండీ, నింపండి!" అంటారు. అందుకే ఆయన్ని మేమంతా 'నింపండిగారు' అంటాం. వీపు సీనంటే ఆయనకి పండగ. పెదాలు కనబడవు కాబట్టి ఏ మాటైనా పడుతుంది. మేం రైటర్లందరం మనసులో మురిగిపోతున్న మాటలన్నీ వీపుల వెనకే పోస్తుంటాం. మా తోటి రైటరొకడు తన పై అధికారిని తిట్టాల్సిన తిట్లన్నీ ఒక విలన్ వీపు మీద తిట్టేసి, వారం రోజులు హాయిగా నిద్రపోయాడు.

ఇక్కడ మా ఇంటి సంగతి కొంచెం చెప్పక తప్పదు. మా ఆవిడ ఆస్పత్రిలో హెడ్ నర్సు. ఇరవై రెండేళ్ళు వార్డుల్లో నిలబడి నిలబడి కుడి మోకాలు అరిగిపోయింది. రోజంతా దానికి బెల్టు బిగించుకునే తిరుగుతుంది. మూడు వారాల కిందట ఆవిడకి ప్రమోషన్ వచ్చింది. వేరే ఊళ్ళో పెద్దాసుపత్రికి వెళ్ళాలి. ఆ కాగితం నా ముందు పెట్టి, "ఏమంటారు?" అంది.

"నీ ఇష్టం" అన్నాను.

ఎంత ఉదారంగా అన్నానో చూశారా! ఆవిడ ఆ కాగితం తీసుకెళ్ళి ఫ్రిజ్ తలుపుకి అంటించింది. దాంట్లో రెండు గడులున్నాయి. ఒకటి, నర్సుల హాస్టల్లో ఒంటరి గది. రెండోది, ఫ్యామిలీ క్వార్టర్. ఏదో ఒకదాంట్లో టిక్కు పెట్టి ఈ శుక్రవారం లోపు ఇచ్చెయ్యాలి.

ఆ మర్నాడే నా బల్ల మీదికి పద్నాలుగో ఎపిసోడు వచ్చింది. హీరోయిన్‌కి వేరే ఊళ్ళో ఉద్యోగం. హీరో కిటికీ దగ్గర వీపు పెట్టి నిలబడ్డాడు. ఇరవై రెండు సెకన్లు, ఒక్క మాట లేదు. నింపండిగారు చేతులు రుద్దుకుంటూ వచ్చారు. నింపాను.

"నువ్వు వెళ్ళు. వెళ్ళొద్దని అనను. కానీ నన్ను వదిలి వెళ్ళకు, నేనూ వస్తాను. నా పనికేముంది, ఒక బల్ల చాలు, ఎక్కడైనా వేసుకుంటాను. సాయంత్రం అలిసిపోయి వస్తే నీ మోకాలి బెల్టు విప్పడానికి ఒక మనిషుండాలి కదా."

డబ్బింగ్ చెప్పిన ఆర్టిస్టు మంచినీళ్ళడిగాడు. నింపండిగారు కళ్ళు తుడుచుకుని "బాగా నిండింది" అన్నారు. హీరోయిన్‌కి ఇరవై నాలుగేళ్ళనీ, లిఫ్టు తాళ్ళు పట్టుకుని పైకి ఎగబాకే పిల్లకి మోకాలి బెల్టెందుకనీ ఆ గదిలో ఒక్కరికీ తోచలేదు. నాకూ తోచలేదు.

మొన్న సాయంత్రం ఆ ఎపిసోడు వచ్చింది. మా ఆవిడ డ్యూటీ నుంచి వచ్చి, కాలు స్టూలు మీద పెట్టుకుని చూస్తోంది. పక్కన మా అత్తగారు. నేను పేపరు వెనకాల ఉన్నాను. కిటికీ దగ్గర వీపు మాట్లాడడం మొదలుపెట్టింది.

"ఇదేమిటే!" అన్నారు అత్తగారు. "నిన్నటిదాకా కోతిలా ఎగబాకిన పిల్లకి మోకాళ్ళ నొప్పులెప్పుడొచ్చాయి?"

మా ఆవిడ నవ్వలేదు. రిమోట్ తీసుకుని సౌండు తగ్గించింది. "ఏమండీ, ఈ మాటలు వాళ్ళవేనా, మీరు రాశారా?" అని అడిగింది.

అయ్యా, వారానికి ఆరువందల డైలాగులు రాసేవాణ్ణి! ప్రేమలు, అలకలు, కాళ్ళు పట్టుకోవడాలు, అన్నీ గంటకింత చొప్పున కుమ్మరించేవాణ్ణి! నేనేమన్నానో తెలుసా?

"వాళ్ళవే. నేను తెలుగు చేశానంతే" అన్నాను.

"అలాగా" అని ఆవిడ మళ్ళీ సౌండు పెంచింది.

"పోనీలేవే, ఆ కొరియావాడికైనా తెలుసు" అన్నారు అత్తగారు, నాకేసి చూడకుండా.

మంచిచెడ్డలు తేల్చమన్నారు కాబట్టి తేలుస్తున్నాను. ఆ వారసుడు మందబుద్ధి. పని దొంగ. తల్లి నీళ్ళు కొడుతుంటే గుడ్లప్పగించి చూసిన దద్దమ్మ. వాణ్ణి చూస్తే నాకు ఒళ్ళు మంట. అయినా పదహారో ఎపిసోడులో, నా సాయమేమీ లేకుండానే, ఇటు తిరిగి, పెదాలు కనబడేలా, ఆ పిల్ల మొహంలోకి చూసి, నేనూ వస్తానన్నాడు వెధవ. వాడికి పట్టింది పదహారు ఎపిసోడ్లు. నాకు పెళ్ళయి ఇరవై మూడేళ్ళు. మొగుళ్ళ పని వాడు చేసిపెడుతున్నాడని మురిసిపోయాను కానీ, మా ఇంట్లో ఆ పని ఖాళీగా పడి ఉందని ఆవిడకి ఎప్పట్నుంచో తెలుసు.

ఈ కాలమ్ గురువారం వస్తుంది. మా ఇంట్లో పేపరు ముందు ఆవిడే చదువుతుంది. పాఠకులు ఏమీ అనుకోకుండా ఒక్క క్షణం పక్కకి తప్పుకోవాలి.

ఇదిగో, నిన్నే. అవి వాళ్ళ మాటలు కావు, నావే. అబద్ధం చెప్పాను. రెండో గడిలో టిక్కు పెట్టు. ఇది కూడా పేపర్లోనే చెప్పాలా, ఎదురుగా కూర్చుని చెబితే నోరు అరిగిపోతుందా అని నువ్వు తిట్టే తిట్లు నాకు ఇప్పుడే వినబడుతున్నాయి. పేపరు మడిచి ఒక కేక వెయ్యి. వంటింట్లోనే ఉంటాను.