తొలి రైతుకు స్థలం కావలెను

రెల్లుమెరక గ్రామానికి చరిత్ర లేదన్న సంగతి పోయిన వేసవిలో బయటపడింది. అంతవరకూ జనం అది లేకుండానే తిని, పడుకుని, తగువులాడుకుంటూ ఆరోగ్యంగా ఉన్నారు. పక్కూరివాళ్లు తమ ఊరి చరిత్రను రాతిమీద చెక్కించి కాలవ గట్టున నిలబెట్టేసరికి, ఇక్కడ ప్రెసిడెంటు రాజేంద్ర గారికి అన్నం సయించలేదు. తక్షణం చరిత్ర కమిటీ ఏర్పడింది. రెల్లు నరికి, బురద తొక్కి ఈ ఊరిని పొలం చేసిన తొలి రైతుకు, ఆయన తొలి చాలు దున్నిన చోటే నిలువెత్తు విగ్రహం పెట్టాలని ఏకగ్రీవంగా తీర్మానించారు.

ఆ చాలు ఎక్కడ పడింది? ప్రతి మోతుబరికీ తెలుసు, తన పొలంలోనే. రాజేంద్ర గారి ముత్తాత ఒక చేత్తో మొసలిని అదిమిపట్టి రెండో చేత్తో దున్నాడట. రిటైర్డ్ లెక్చరర్ ప్రసన్నకుమార్ గారి పూర్వీకులు మొసళ్లు పుట్టకముందే దున్నారట. ఇలా చరిత్రలు కొట్టుకుంటూ ఉండగా శిల్పి వచ్చి, విగ్రహానికీ, చుట్టూ పార్కుకీ, కార్లు ఆపుకోడానికీ పాతిక సెంట్ల నేల కావాలన్నాడు.

అంతే, పూర్వీకులందరూ వినయవంతులైపోయారు.

"అబ్బే, మాదంతా మొన్నమొన్నటిదాకా నీళ్లు నిలిచిన బాడవేనండి," అన్నారు రాజేంద్ర గారు.

"మా తాతగారికి నాగలి ఎటు పట్టుకోవాలో కూడా తెలీదండి. పేకాట మనిషి," అన్నారు ప్రసన్నకుమార్ గారు.

తమవాళ్లు ఏనాడూ దున్నలేదని అన్నవరం కొండెక్కి ప్రమాణం చేస్తానన్న వంశోద్ధారకుడు కూడా ఒకడున్నాడు.

దరిమిలా లోతైన పరిశోధన జరిగింది. తొలి చాలు కాలవ పక్క చేలో పడిందని తేలింది. ఆ చేను గలాయన కాకినాడలో ఉంటాడు. పార్కుకి వాళ్ల నాన్న పేరు పెడతామంటే ఫోన్లోనే మురిసిపోయి సరేనన్నాడు. చేను మాత్రం కౌలుకి చేస్తున్నది వీరాస్వామి. అతన్ని ఎవరూ అడగలేదు. చరిత్రకీ కౌలుదారుకీ ఏం సంబంధం?

గట్టుమీద పొక్లెయిను చూశాకే వీరాస్వామికి సంగతి తెలిసింది. వరి చేను పాలు పోసుకుని, వెన్నులు అప్పుడే తలవంచుతున్నాయి. ఏడాది పొడుగునా అతనూ పెళ్లాం సూరమ్మా తినేది అందులోంచే.

"ఆయ్, కోత దాకా ఆగండి బాబూ. కోసేశాక ఆ తొలి రైతుగారు ఎక్కడ నిలబడతానంటే అక్కడే నిలబెట్టుకోండి," అన్నాడు.

"మంత్రిగారు డేటిచ్చేశారు వీరాస్వామీ. వందల ఏళ్ల చరిత్ర నీ ఒక్క పంట కోసం ఆగుద్దేంటి?" అన్నారు ప్రెసిడెంటు గారు.

సూరమ్మ కొంగు బిగించింది. "వందల ఏళ్లు ఆగింది కదండీ! కోత దాకా ఆగితే దానికేవన్నా కాళ్లు నొప్పెడతాయా? పోనీ ఆ తొలి రైతునే అడగండి, పాలు పోసుకున్న చేలో మిషను దింపమంటాడేమో!"

"చారిత్రక స్పృహ లేకపోతే ఇలాగే ఉంటుంది," అని ప్రసన్నకుమార్ గారు జాలిపడ్డారు.

మిషను దిగింది. మొగుడూ పెళ్లాం కొడవళ్లతో దానికి ముందు పరిగెత్తి, అందినంత కోశారు. గింజ కట్టని వెన్ను మనిషికి పనికిరాదు. వాళ్ల గేదె మాత్రం చరిత్రను తృప్తిగా నమిలింది.

మంత్రిగారి పర్యటన వాయిదా పడింది. ఊళ్లో కోతలన్నీ అయి, ధాన్యం మిల్లులకి చేరాక ఆయన తీరిగ్గా వేంచేశారు. శిల్పి దగ్గర మిగిలిపోయిన భీముడి అచ్చులోంచి తీసిన తొలి రైతు కండలు తిరిగి, మీసం మెలేసి నిలబడి ఉన్నాడు.

"రైతు లేనిదే మెతుకు లేదు! ఆ మహానుభావుడు నడిచిన ఈ మట్టిని నుదుట పెట్టుకుంటున్నాను!" అని మంత్రిగారు వంగారు. కింద అంతా సిమెంటు. ఎవరో పక్క చేలోకి పరిగెత్తి గుప్పెడు మట్టి తెచ్చిచ్చారు. చప్పట్లు మోగాయి.

ఊరు కృతజ్ఞత లేనిది కాదు. పార్కు ఊడ్చే పని వీరాస్వామికే ఇచ్చింది.

ఇప్పుడు ఆదివారాలు పట్నం నుంచి కార్లు వస్తున్నాయి. పల్లె అంటే ప్రాణం పెట్టేవాళ్లు, నేల మీద మమకారం ఉన్నవాళ్లు, పిల్లలకి వ్యవసాయం చూపించాలనుకునేవాళ్లు వచ్చి విగ్రహం ముందు వరసగా నిలబడతారు. మొన్న ఒకాయన ఫోను ఎత్తి పట్టుకుని, "ఓ బాబాయ్, చీపురు తీసుకుని కాస్త పక్కకి జరుగు. రైతు కనపడట్లేదు," అన్నాడు.

వీరాస్వామి జరిగాడు. ఫొటో బ్రహ్మాండంగా వచ్చింది. మీరు లైకు కూడా కొట్టారు.