బూట్లు తడవని శ్రమదానం

"పేదల కష్టం చూసి మా కంపెనీ కళ్ళు చెమర్చాయి. ఈ ఆదివారం ఆఫీసర్లంతా స్వహస్తాలతో వంతెన కడతారు!"

సుభిక్షా పైపుల కంపెనీ వెల్ఫేర్ ఆఫీసరు అచ్యుతరామయ్యగారు మైకులో ఇలా ప్రకటించగానే నాకు ఒళ్ళు పులకరించింది. అది 1986. మామిడికుదురు పక్కన మా పేటలో నేను బ్రాంచి పోస్టుమాస్టరుని. పేటకీ రోడ్డుకీ మధ్య కాలువ. దాని మీద రెండు తాటిదూలాలే వంతెన. అందులో ఒకటి పుచ్చిపోయింది. రోజూ పాలబిందెతో దాని మీద నడిచే రాజ్యం అప్పటికి రెండుసార్లు నీళ్ళలో పడింది. మూడోసారి పాలు అందకపోతే హోటలువాళ్ళు వాడుక మానేస్తామన్నారు.

ఆదివారం రోడ్డు మీద మూడు జీపులు ఆగాయి. జనరల్ మేనేజరుగారితో సహా ఆరుగురు ఆఫీసర్లు, తళతళలాడే బూట్లతో, ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని దూలాలు దాటి పేటలోకి వచ్చారు.

"వేదిక ఏదయ్యా?" అన్నారు మేనేజరుగారు.

"వంతెన కట్టడానికి వేదికెందుకండీ?" అన్నాడు తాతబ్బాయి. రాజ్యం మరిది, ఆరడుగుల మనిషి.

"ప్రసంగం లేకపోతే ఇది సేవ అని ఎలా తెలుస్తుందయ్యా?"

అచ్యుతరామయ్యగారి బుర్ర పాదరసం. "పాత దూలాలు ఎలాగూ తీసెయ్యాల్సినవే. లాగండి!" అన్నారు. పేట కుర్రాళ్ళు లాగారు. పొడుగెక్కువయ్యాయని రంపంతో ముక్కలు కోశారు. అరగంటలో వేదిక లేచింది. నేనే ముందు చప్పట్లు కొట్టాను.

మేనేజరుగారు గంటన్నర మాట్లాడారు. ఆరుగురూ ఒకే గునపం పట్టుకుని ఫొటో దిగారు. కొబ్బరిబొండాలు తాగారు. శ్రమదానం పూర్తయింది. జీపుల కోసం కాలువగట్టుకి వెళ్ళి ఆగిపోయారు.

"వంతెన ఏది?"

"ఇందాకా తమరు దాని మీదే నిలబడి మాట్లాడేరండి," అంది రాజ్యం.

"మరి మేం వెళ్ళడం ఎలా?"

"దిగి నడవడమేనండి. నాకు పీకలోతు. తమరికి రొమ్ములోతు ఉంటుందండి."

"బూట్లు తడిసిపోవూ?"

చివరికి తాతబ్బాయి మేనేజరుగారిని భుజాల మీదికి ఎత్తుకున్నాడు. మిగతా అయిదుగురినీ మరో అయిదుగురు ఎత్తుకున్నారు. కంపెనీ ఫొటోగ్రాఫరు దాన్నీ ఫొటో తీశాడు.

"కొత్త వంతెన మాటేంటండీ?" రాజ్యం గట్టు మీంచి అరిచింది.

"ఫొటోలు హెడ్డాఫీసుకి పంపుతున్నాం! చూడగానే తేల్చేస్తారు!" కాలువ మధ్యలోంచి, ఒకరి భుజాల మీంచి అన్నారు అచ్యుతరామయ్యగారు.

ఆ భుజాల ఫొటోయే పేపర్లో పడింది. 'సేవామూర్తులను భుజాలకెత్తుకున్న గ్రామం.' కత్తిరించి పోస్టాఫీసు గోడకి అంటించాను.

నెల తర్వాత హెడ్డాఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. తలమీద బిందెతో పీకలోతు నీళ్ళు దాటి, మామిడికుదురులో పాలు పోసి, తడిచీరతో తిరిగొచ్చిన రాజ్యానికి చదివి వినిపించాను.

"ఫొటో పరిశీలించాము. బూట్లు తడవకుండా కాలువ దాటే సౌకర్యం గ్రామంలో ఇప్పటికే ఉన్నందున వంతెన అవసరం లేదని నిర్ణయించడమైనది."

రాజ్యం బిందె కింద పెట్టింది.

"ఆయ్. అయితే మా మరిదిని కేకెయ్యండి మాస్టారూ. రేపట్నించి నేనూ ఎక్కుతాను."

"లేడమ్మా. పొద్దున్నే కంపెనీ జీపొచ్చి రాజోలు తీసుకుపోయింది. అక్కడా శ్రమదానమట."