లిఫ్టులో క్షమాపణ పత్రం

సిరివనం అపార్ట్‌మెంట్లలో సి-టవర్ కమిటీలో ఉన్న ఏడుగురికీ బుద్ధి లేదు. ఇది సుబ్బరాయుడి అభిప్రాయం కాదు, తేలిపోయిన విషయం. దీని మీద ఆయన ఎవరితోనూ వాదించడు.

ఆ శనివారం పొద్దున ఆయన వేసుకున్న పథకం చాలా మామూలుది. ముందురోజు రాత్రి ఉప్పు వేసి మూటకట్టిన బూడిదగుమ్మడి ముక్కల నీళ్లు పిండాలి. మినప్పప్పు రుబ్బాలి. మేడ మీదికి పోయి వడియాలు పెట్టాలి. ఈ సోమవారం కాక పై సోమవారం భార్య కమలమ్మ తద్దినం. ఆమె తద్దినానికి ఆమె వడియాలే విస్తట్లో పడాలి. చివరి నెలల్లో ఆమె కుర్చీలో కూర్చుని చెబుతుంటే ఆయన చేత్తో చేసి నేర్చుకున్న ఒకే ఒక్క వంట అది. తెల్లాపూర్‌లో కొడుకు నవీన్ ఇంటికి వచ్చి మూడేళ్లయింది. ఈ మూడేళ్లలో ఆయన ఎవరి దగ్గరా అడిగి తీసుకున్నది ఏదైనా ఉంటే, అది మేడ మీద నాలుగు రోజుల ఎండ.

ఆ ఎండ కూడా పదిహేను రోజులుగా ఆయనకు లేదు. సోలార్ పలకల మీద ఎవరో వడియాలు ఎండబెట్టారని ఫిర్యాదు వచ్చింది. కమిటీ విచారణకు పిలిచింది. అధ్యక్షుడు శివశంకర్ హైటెక్ సిటీలో నలభై మందిని నడిపించే మేనేజరు, ఇంట్లో కూడా తెర మీద బొమ్మలు వేయనిదే మాట్లాడలేడు.

"మేడ మీద వడియాలు పెట్టింది మీరేనాండీ?"

"నేనే."

"ఫోటో ఉందండీ, ఒకసారి చూస్తారా?"

"చూసేదేముంది? పెట్టినా. ఏం చేస్తావో చెయ్."

ఆయన పెట్టింది నీళ్ల ట్యాంకు పక్కన సిమెంటు గట్టు మీద. అదే నేరం కాబోలు అనుకున్నాడు. ముప్పై ఏళ్లు ఆర్టీసీలో తనిఖీ ఇన్‌స్పెక్టరుగా చేసి, టికెట్టు లేనివాడు నోరు తెరిస్తే సహించని మనిషి తన వంతు వచ్చినప్పుడు నసుగుతాడా? పదిహేను రోజులు మేడ ఎక్కకూడదన్నారు, ఎక్కలేదు. ఎవరో రాసిపెట్టిన క్షమాపణ పత్రం మీద సంతకం పెట్టమన్నారు, చదవకుండా పెట్టాడు. దాన్ని ఫోటోతో సహా నెల రోజులకని లిఫ్టులో అతికించారు. ఆ రోజు నుంచి ఆయన లిఫ్టు ఎక్కలేదు. నాలుగంతస్తుల మెట్లు, అరిగిన మోకాలు. శిక్ష శిక్షే.

పదహారో రోజైన ఆ శనివారం పొద్దున, పప్పు కడిగేసరికి నవీన్ ఫోను పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు.

"నాయనా, ఇంకో నోటీసు వచ్చింది."

"ఎవరికి?"

"నీకే. పోయినసారి మన టవర్ కమిటీ వేసింది గదా, ఇది ఆరు టవర్లకూ పెద్ద అసోసియేషన్ వేసింది. అవే వడియాలు. ఇంకో నెల మేడ ఎక్కగూడదంట. ఇక్కడ కేసు మూయంగానే ఫిర్యాదుల యాప్ ఒక కాపీ వాళ్లకు పంపిచ్చింది, వాళ్లు కొత్త కేసనుకున్నారు."

"ఆ యాప్ చేసిండేది ఎవురు?"

నవీన్ ఫోను జేబులో పెట్టేసుకున్నాడు. "నేనే, నాయనా."

గుమ్మడి ముక్కలు ఆ పూట పులుసులో పడ్డాయి. కోడలు శ్రావణి పులుసు బాగుందన్నది. సుబ్బరాయుడు ఆమె వైపు చూసిన చూపుకు ఆ మాట వెనక్కి తీసుకున్నది.

సాయంత్రం గేటు పక్క బెంచీ మీద బాలనర్సయ్య దొరికాడు. టవర్లు లేచిన నేల ఒకప్పుడు ఆయన జొన్నచేను. సంగారెడ్డి కోర్టులో ముప్పై ఏళ్లు బంట్రోతుగా వాకిట్లో నిలబడి పేర్లు పిలిచి రిటైరయ్యాడు. వకీళ్ల వాదనలన్నీ తలుపు అవతల నుంచి విన్నవాడు.

"గిదేం అన్యాలం సారూ! ఒక్క తప్పుకు రెండుసార్ల శిక్ష ఏడన్న ఉన్నదా? రాజ్యాంగంలనే రాసిండ్రు, ఇరవయ్యో ఆర్టికల్ల. ఒక్కపారి శిక్ష పడ్డంక అదే తప్పుకు మల్ల పిల్వరాదు."

"నిజమేనా?"

"హంతకునికే ఉన్నది. వడియాలకు ఉండదా?"

ఆదివారం క్లబ్‌హౌస్‌లో ఆరు టవర్ల సర్వసభ్య సమావేశం. సుబ్బరాయుడు లేచి నాలుగు వాక్యాలు మాట్లాడాడు. నేను తప్పు చేసినా. ఒప్పుకున్నా. శిక్ష అనుభవించినా. మళ్లీ పిలిచే హక్కు మీకు లేదు. జనం చప్పట్లు కొట్టారు. శివశంకర్ కూడా తల ఊపక తప్పలేదు. రెండో నోటీసు రద్దయింది. ఒకే తప్పుకు రెండోసారి శిక్ష లేదు, మూసిన కేసును ఎట్టి పరిస్థితుల్లోనూ తెరవకూడదు అని తీర్మానం రాస్తుంటే బాలనర్సయ్య చెయ్యెత్తాడు.

"జర ఆగుండ్రి. అపీలు సంగతి గూడ రాయుండ్రి. శిక్ష పడ్డోడు తప్పు జెయ్యలేదని తేలితే..."

"అపీలు ఏంటికి?" అన్నాడు సుబ్బరాయుడు. "చేసినోడు ఒప్పుకోవల్ల. చెయ్యనోడు ఆపొద్దే చెప్పల్ల. రెండోసారి మాట మార్చేవానికి దారి పెట్టేదేంది?"

అపీలు కొట్టేశారు. నవీన్ అక్కడే ల్యాప్‌టాప్ తెరిచి, యాప్‌లో మూసిన కేసు తెరిచే బటన్ తీసేశాడు. ఒకరి మీద ఒకసారి వచ్చిన ఫిర్యాదే మళ్లీ వస్తే యాప్ దాన్ని దానంతటదే కొట్టేసేలా కూడా చేశాడు. కొడుకు చేసిన పనిని సుబ్బరాయుడు మెచ్చుకోవడం అదే మొదటిసారి. "ఊఁ" అన్నాడు.

ఇక్కడితో ఆగిపోయి ఉంటే బాగుండేది. శివశంకర్‌కు ఏదైనా ఒక్క వాక్యంలోకి కుదిస్తే తప్ప నిద్ర పట్టదు. ఆ సాయంత్రం ఆరు టవర్లలోని ప్రతి ఫోనుకూ ఒక వాక్యం పోయింది: ఒకే తప్పుకు ఎవరికీ రెండోసారి శిక్ష ఉండదు.

సోమవారం పొద్దున ఆరో అంతస్తు యశస్విని ఏనుగు పిల్లంత కుక్కతో లిఫ్టులోంచి దిగింది. సెక్యూరిటీ అడ్డం వచ్చాడు. ఆమె పాత నోటీసు తీసి చూపించింది.

"దీన్ని లిఫ్ట్‌ల తెచ్చినందుకు డిసెంబర్‌లనే నోటీస్ అయిపోయింది అన్నా. ఇగ దీనికి లైఫ్‌టైమ్ పాస్."

మధ్యాహ్నానికి సంగతి అందరికీ అర్థమైంది. నోటీసు అందుకున్నవాడు ధన్యుడు. పోయిన సంవత్సరం జనరేటరు గది తలుపుకు అడ్డంగా కారు పెట్టి చీవాట్లు తిన్న రవీందర్, కారును అక్కడికే తెచ్చి, ఈసారి కవరు కూడా కప్పాడు. "ఫికర్ జెయ్యకుండ్రి, మన శిక్ష మనం తిన్నం" అని వాచ్‌మన్ భుజం తట్టి ఆఫీసుకు పోయాడు.

నోటీసు లేనివాళ్లకు తాము వెనకబడిపోయామనిపించింది. మంగళవారం కమిటీ గది ముందు మొదలైన వరుస ఈతకొలను దాకా పాకింది.

"సార్, నేను బాల్కనీలో రగ్గులు దులిపాను. జర తొందరగా శిక్ష వెయ్యండి, పదింటికి మీటింగుంది."

"మా ఫ్లోర్లో అందరికీ వచ్చిందండీ, మాకే రాలేదు. మేమేం పాపం చేశామండీ?"

"చేయలేదు గదా, అందుకే రాలేదు."

"అయితే ఇప్పుడు చేసొస్తామండీ, ఉండండి."

ఒక పెద్దాయన ముందే శిక్ష వేసి పెట్టమన్నాడు. తప్పు ఏదో తీరిగ్గా ఆలోచించుకుని చేస్తానన్నాడు. శివశంకర్ ఆ రోజు నూట పన్నెండు నోటీసులిచ్చాడు. ఇచ్చిన ప్రతి నోటీసుకూ "థాంక్యూ సార్" అని సమాధానం వచ్చింది.

బుధవారం పొద్దున మేడ మీద సోలార్ పలకలు కనిపించడం లేదు. మిరపకాయలు, అప్పడాలు, చింతపండు, స్కూలు బూట్లు, ఎవరిదో పెళ్లి షేర్వాణీ. అంతా నోటీసు పుచ్చుకున్న సరుకే. ఒక మహానుభావుడు తడి బొంత తెచ్చి పరిచాడు.

సరిగ్గా అప్పుడే సుబ్బరాయుడు పిండి గిన్నెతో గడప దాటాడు. ఇంకా ఆలస్యం చేస్తే సోమవారానికి ఎండవు. గిన్నె బరువు ఒక పక్క, మోకాలు ఒక పక్క. ఇరవయ్యో అంతస్తు దాకా మెట్లెక్కడం కుదరదు. మొహం చాటేయాల్సిన అవసరం కూడా ఇక లేదు. రాజ్యాంగం తన వైపు ఉంది. లిఫ్టు బటన్ నొక్కాడు.

లోపల శివశంకర్ ఉన్నాడు, మేడ మీది సంగతేంటో చూడడానికి పోతున్నాడు. ఆయన తల్లి అనసూయమ్మ ఉంది, చేతిలో గుడ్డ కప్పిన పళ్లెం. ఆరో అంతస్తులో యశస్విని కుక్కతో ఎక్కింది. కుక్క పిండి గిన్నె వైపు చూసింది. ఏడో అంతస్తు దగ్గర పడుతుండగా పైన తడి బొంతలోంచి కారిన నీళ్లు కరెంటు పెట్టెలోకి దిగాయి. లిఫ్టు ఒక్క కుదుపుతో ఆగిపోయింది.

"ఫికర్ లేదంకుల్, జనరేటర్ వస్తది" అన్నది యశస్విని.

శివశంకర్ ఎలక్ట్రీషియన్ పెంటయ్యకు ఫోను చేశాడు. స్పీకరులో పెంటయ్య గొంతు అందరికీ వినిపించింది. "జనరేటర్ రూమ్ తలుపుకు కారడ్డమున్నది సార్. రవీందర్ సార్‌ది. ఫోన్ జేస్తే నా కేసు అయిపాయె అంటున్నడు."

కుక్క లేచి నిలబడింది. సుబ్బరాయుడు గిన్నెను నెత్తి మీదికెత్తాడు. అది తద్దినపు పిండి. రెండు చేతులూ పైన, వీపు గోడకు, కుక్క ముందర. కదలడానికి లేదు, తల తిప్పడానికి లేదు. ఎదురుగా జానెడు దూరంలో, చిన్న ఎమర్జెన్సీ లైటు వెలుగులో, ఆయన క్షమాపణ పత్రం.

ఇరవై రోజులుగా తప్పించుకున్న కాగితాన్ని ఆయన మొదటిసారి చదివాడు. ఫోటో చూశాడు. నీలం పలక మీద తెల్ల గుడ్డ. గుడ్డ మీద వడియాలు, గీత గీసినట్టు వరుసలు, అద్దంలా మెరుస్తూ, పువ్వుల్లా గుండ్రంగా.

"ఇవి సగ్గుబియ్యానివి" అన్నాడు.

కుక్క మళ్లీ గిన్నె వైపు మూతి చాచింది.

"సగ్గుబియ్యం!" అని ఆయన అరిచిన అరుపుకు కుక్క కూర్చుంది. "మా కమలమ్మ బతికినన్నాళ్లు సగ్గుబియ్యాన్ని గడప తొక్కనియ్యలేదు. పండ్లూడినోళ్ల తిండి అనేది. ఆమె వడియం వరసలో ఉండదు, ఒకదాని మాదిరి ఒకటి ఉండదు. ఇరవై దినాలుగా ఈ టవరంతా నేను సగ్గుబియ్యం వడియాలు పెట్టినానని అనుకుంటా ఉందా?"

అనసూయమ్మ పళ్లెం మీది గుడ్డ మెల్లిగా సర్దింది. సరిపోలేదు. లోపల సగ్గుబియ్యపు జావ కనబడింది.

"అవి నావండీ, అన్నయ్యగారూ. మావాడు పెట్టొద్దే అన్నాడని చెప్పకుండా పెట్టాను. మీరు ఒప్పేసుకున్నారని తెలిసి, ఎంత పెద్ద మనసో అనుకున్నానండీ."

"అమ్మా!" అన్నాడు శివశంకర్.

"నా మనసు చిన్నదేలేమ్మా" అన్నాడు సుబ్బరాయుడు. "శివశంకర్, ఈ పొద్దే కమిటీని పిలువు. కేసు తెరువు. నా పేరు కొట్టెయ్."

శివశంకర్ మొహం మీద నాలుగు రోజుల్లో మొదటిసారి వెలుగు కనిపించింది. "కుదరదండీ. మూసిన కేసు ఎట్టి పరిస్థితుల్లోనూ తెరవకూడదని తీర్మానం. మీదేనండీ. యాప్‌లో బటన్ కూడా లేదు, మీ అబ్బాయే తీసేశాడు."

"అపీలు?"

"వద్దన్నారు కదండీ."

"అయితే మీయమ్మకు శిక్ష వెయ్."

"ఒక తప్పుకు ఒకటే శిక్షండీ. అది మీరు అనుభవించేశారు."

రవీందర్ కారు జరిగేసరికి నలభై నిమిషాలు పట్టింది. అంతసేపూ గిన్నె నెత్తి మీదే ఉంది, కాగితం కళ్ల ముందే ఉంది. బయటికొచ్చాక సుబ్బరాయుడు మేడ మీదికి పోయి, సిమెంటు గట్టు మీద, ఒకదాని మాదిరి ఒకటి లేకుండా, వడియాలు పెట్టి దిగాడు. బాలనర్సయ్య బెంచీ మీదే ఉన్నాడు.

"ఒక్క తప్పుకు రెండుసార్ల శిక్ష లేదన్న గని సారూ, రోజుకొక్కపారి జేసుకొమ్మని రాజ్యాంగంల రాయలే. నిన్నటి తప్పు నిన్నటిది, ఇయ్యాల్టిది ఇయ్యాల్టిది."

"అది ఆదివారమే చెప్పకూడదా?"

"మీరు అపీలు మాటకే కూసోమన్నరు. ఇగ నేనేం జెప్త?"

సోమవారం తద్దినం సక్రమంగా జరిగింది. కమలమ్మ వడియాలు విస్తట్లో పడ్డాయి. మంగళవారం మధ్యాహ్నం శ్రావణి పప్పన్నంలోకి ఓ పళ్లెం వడియాలు వేయించి పెట్టింది. సుబ్బరాయుడు పేపరు చదువుకుంటూ తిన్నాడు. పళ్లెం ఖాళీ అయ్యాక, పేపరు మీంచి కళ్లెత్తకుండా దాన్ని కోడలి వైపు నెట్టాడు.

"ఇంకో నాలుగు వెయ్."

"మామా..." శ్రావణి నవీన్ వైపు చూసింది. నవీన్ మంచినీళ్లు తాగుతున్నాడు, ఆపడం లేదు. "మామా, అవి అనసూయమ్మగారు పంపించినవి. సగ్గుబియ్యానివి."

సుబ్బరాయుడు పేపరు మడిచాడు. గోడ మీద కమలమ్మ ఫోటో వైపు ఒక్కసారి చూశాడు. ఎక్కువసేపు చూడలేదు.

"దీనికి శిక్ష ఎప్పుడో అనుభవించినా" అన్నాడు. "ఇంక ఈ సంగతి నేను మాట్లాడను. ఈ ఇంట్లో ఎవురూ మాట్లాడగూడదు."